పోయినచోటే వెతుక్కోవాలా?

పోయినచోటే వెతుక్కోవాలని మనకొక సామెత ఉంది. తెలుగునాటికి దూరంగా కన్నడ సీమలోనో, తమిళ సీమలోనో, ఒరియా, మరాఠీ ఊళ్ళలోనో తరతరాలుగా ఉంటున్న మనం చాలా మాటలు పోగొట్టుకున్నాం గాని ఈ సామెతని మాత్రం పోగొట్టుకోలేదు. మా హోసూరు వైపు “పోయిన తావునే ఎతుక్కోవాల” అంటారు.

సామెత మంచిదే. వానలు మొహం చాటేసి పంట పోయిన రైతు మరుసటి ఏడు అదే చేలో విత్తుతాడు. పరీక్ష తప్పిన కుర్రవాడు ఆ పరీక్షకే మళ్ళీ కూర్చుంటాడు. బావిలో చేద జారిపోతే ఆ బావిలోనే గాలం వేస్తాం గాని పక్కింటి బావిలో వెయ్యం. ఓడినవాణ్ణి కుంగిపోకుండా నిలబెట్టడానికి ఇంతకన్న మంచి మాట దొరకదు.

అయితే ఈ సామెతని నేను రైతు నోట, విద్యార్థి నోట విన్నదానికంటే పేకాటలో పోగొట్టుకున్నవాళ్ళ నోట విన్నదే ఎక్కువ. మాట అదే, ధైర్యం అదే, పట్టుదల అదే. మరి రైతులో సుగుణమైన పట్టుదల జూదరిలో దుర్గుణం ఎందుకు కావాలి? ఇంకో మెట్టు ఎక్కి అడిగితే, ఓడిపోతున్న ఆటలో కూడా నియమం తప్పకుండా, హద్దు మీరకుండా, లెక్క ప్రకారం ఆడేవాడొకడుంటే అతని నిగ్రహాన్ని సుగుణం అనవచ్చునా? ఈ రెండు ప్రశ్నల గురించి నాకు తోచింది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను సాహిత్యమో తత్వశాస్త్రమో చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. పట్టా పుచ్చుకుని బ్యాంకులో చేరి ముప్పై ఏళ్ళుగా ఇతరుల డబ్బుకి లెక్క చూస్తున్నవాణ్ణి. కాబట్టి ధర్మసూక్ష్మాలు కూడా నాకు జమాఖర్చుల భాషలోనే అర్థమవుతాయి. పాఠకులు మన్నించాలి.

ఏ ప్రశ్ననైనా పరిశీలించాలంటే అది కల్తీ లేకుండా కనిపించే చోటు చూసుకోవాలి. కోడిపందెంలో పుంజు బలం ఉంటుంది. గుర్రప్పందెంలో రౌతు నేర్పు ఉంటుంది. రమ్మీలో ఎదురుగా ఇంకో మనిషి ఉంటాడు. ఓడినవాడికి తప్పు మోపడానికి వీటిలో ఎవరో ఒకరు దొరుకుతారు. ఎవరూ దొరకని ఆట ఒకటి అమెరికాలో ఉంది. దాని పేరు వీడియో పోకర్.

2023లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు ఒక రాత్రి లాస్ వేగాస్‌లో ఉండటం తటస్థించింది. హోటలు కింది అంతస్తంతా ఈ యంత్రాలే. తెర మీద ఐదు పేకముక్కలు పడతాయి. కావలసినవి అట్టిపెట్టుకుని అక్కరలేనివి వదిలేస్తే వాటి బదులు కొత్తవి వస్తాయి. అంతే ఆట. జాకీల జతగాని, రాణి, రాజు, ఆసుల్లో ఏదో ఒక జతగాని వస్తే కాసిన పందెం వెనక్కి వస్తుంది. అంతకన్న పెద్దవి పడితే పట్టిక ప్రకారం ఎక్కువ వస్తుంది. పది, జాకీ, రాణి, రాజు, ఆసు ఐదూ ఒకే గుర్తువి పడితే ఐదు నాణేల పందేనికి నాలుగు వేల నాణేలు. 1970ల చివర్లో సై రెడ్ అనే ఆయన స్థాపించిన సంస్థ ఈ యంత్రాలని నెవాడాలో బాగా ప్రచారంలోకి తెచ్చింది.

ఈ ఆటలో మోసం లేదు. తెరమీది పేక నిజమైన యాభైరెండు ముక్కల పేకలాగే పడాలని, ప్రతి ముక్కకీ సమానమైన అవకాశం ఉండాలని నెవాడా నిబంధనలు చెబుతున్నాయి. శకుని పాచికలని తిట్టుకునే వీలు లేదు. పైగా ఏ చేతికి ఎంత ఇస్తుందో యంత్రం మీదే రాసి ఉంటుంది. ఫుల్ హౌస్‌కి తొమ్మిదింతలు, ఫ్లష్‌కి ఆరింతలు ఇచ్చే యంత్రం మీద ఒక్క పొరపాటు లేకుండా ఆడితే, దీర్ఘకాలంలో ప్రతి వంద డాలర్ల పందేనికీ 99 డాలర్ల 54 సెంట్లు తిరిగివస్తాయి. ఆ తొమ్మిదిని ఎనిమిదీ, ఆరుని ఐదూ చేసిన యంత్రం మీదైతే 97 డాలర్ల 30 సెంట్లే. గంటకి ఆరు వందల ఆటలు, ఆటకి డాలరుంబావు చొప్పున గంటలో 750 డాలర్ల పందేలు కాశారనుకోండి. మొదటి యంత్రం మీద సగటు నష్టం మూడున్నర డాలర్లు, రెండోదాని మీద ఇరవై డాలర్లు. రెండంకెలు ఒక్కొక్కటి తగ్గినందుకు నష్టం ఆరింతలయింది.

గంటకి మూడున్నర డాలర్లే కదా అనిపిస్తుంది. చిక్కంతా ‘సగటు’ అనే ఆ మాటలో ఉంది. ఇందాక చెప్పిన పెద్ద బహుమతి సుమారు నలభై వేల ఆటలకి ఒకసారి వస్తుంది. ఆడేవాడి చేతికి తిరిగొచ్చే సొమ్ములో దాదాపు రెండు శాతం ఆ ఒక్క చేతిలోనే దాగి ఉంది. అది వచ్చేదాకా, అంటే గంటకి ఆరు వందల చొప్పున ఆడినా సగటున అరవై ఏడు గంటలు, అతను ఆ రెండు శాతం లేకుండానే ఆడుతున్నాడు. నూరు ఆటల్లో యాభై నాలుగింట ఏమీ రాదు. మరో ఇరవై ఒక్కింట తను కాసింది మాత్రమే తిరిగొస్తుంది. వరసగా పది ఆటలు వట్టివి పోవడం రెండు గంటల ఆటలో ఒకసారైనా ఎదురయ్యే విషయం. ఒక సాయంత్రం మూడు గంటల్లో వంద డాలర్లు హరించుకుపోతే అది గ్రహచారమేమీ కాదు, ఆ ఆట నడకే అంత.

ఓటమి వరసగా వస్తున్నప్పుడు మనిషి చూపు ఎలా మారుతుందో ఇక్కడే చూడాలి. ఇన్నిసార్లు పోయింది గనక ఇక రాక తప్పదనిపిస్తుంది. 1913 ఆగస్టులో మాంటీ కార్లో జూదశాలలో రూలెట్ చక్రం మీద నలుపు వరసగా ఇరవై ఆరుసార్లు పడిందని ప్రసిద్ధి. ఈసారి ఎరుపు పడక తప్పదని పందెం పెంచుకుంటూ పోయినవాళ్ళు భారీగా నష్టపోయారు. చక్రానికి జ్ఞాపకం లేదు. పేకముక్కలకీ లేదు. జ్ఞాపకం ఉన్నది ఆడేవాడికి ఒక్కడికే. పోయింది చేదులా అడుగున పడి ఉందని అనుకునేదీ అతనొక్కడే.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, జూదరి పోయిన డబ్బుని నష్టం పద్దులో రాసుకోడు. రావలసిన బాకీల పద్దులో రాసుకుంటాడు. యంత్రం తనకి బాకీ పడిందనీ, వసూలు చేసుకునేదాకా లేవడం చేతకానితనమనీ అనుకుంటాడు. ఒక్క పద్దు తప్పు చోట రాసినందువల్ల మిగిలిన లెక్కంతా తప్పుతుంది. నిన్నటిదాకా ఒక రూపాయి పోవడానికి వెనుకాడినవాడు ఇవాళ వంద పోయాక ఇంకో వంద కాయడానికి వెనుకాడడు. లాభం ముందున్నప్పుడు జాగ్రత్తపడే మనిషే నష్టంలో ఉన్నప్పుడు సాహసానికి దిగుతాడని డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్స్కీ 1979లో ప్రకటించిన వ్యాసంలో నిరూపించారు. మన పల్లెల్లో పేకాట చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈ జబ్బు జూదరులకే ఉందనుకుంటే పొరపాటు. తిరిగిరాని అప్పుని తిరిగిరానిదని ఒప్పుకోలేక, దాని వడ్డీ కట్టించడానికి ఇంకో అప్పు ఇచ్చి, ఖాతా బాగానే ఉందని చూపించడం బ్యాంకుల్లోనూ ఉన్న పాత రోగమే. అందుకే 1991 నాటి నరసింహం కమిటీ నివేదిక తర్వాత గట్టి నిబంధనలు వచ్చాయి. 2004 మార్చి నుంచి తొంభై రోజులకి మించి అసలుగాని వడ్డీగాని బకాయిపడితే ఆ అప్పుని నిరర్థక ఆస్తి కింద చూపి తీరాలి. ఆ నిబంధనలో నాకు నచ్చింది ఒకటుంది. అది ఆఫీసరు అభిప్రాయం అడగదు. కేలండరుని అడుగుతుంది. అప్పు ఇచ్చినవాడి ఆశ మీద నమ్మకం పెట్టకూడదని అది ముందే గ్రహించింది.

మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరుకుతుందనుకుంటాను. రైతు పోయినచోటికి తిరిగి వెళ్ళినప్పుడు అక్కడ నేల ఉంది, కిందటేటి అనుభవం ఉంది, విత్తనం మార్చే వీలుంది. అతని శ్రమ ఫలితాన్ని కొంతైనా మారుస్తుంది. యంత్రం దగ్గరికి తిరిగి వెళ్ళినవాడికి అక్కడ తన డబ్బు లేదు. ఉన్నది మరో కొత్త బేరం, అదీ మొదటి బేరమంత నష్టపు బేరమే. పట్టుదలకి తనంత తానుగా విలువ లేదు. అది దేన్ని పట్టుకుందో దాన్ని బట్టే దాని విలువ.

ఇక రెండో ప్రశ్న. ఆ రాత్రి ఒక యంత్రం ముందు డెబ్బై దాటిన ఒక పెద్దమనిషితో మాట కలిసింది. బడిపంతులుగా చేసి విరమించారట. మూడు రోజుల విహారానికి మూడు కవర్లు తెచ్చుకున్నారు, కవరుకి వంద డాలర్లు. ఆ రోజు కవరు ఖాళీ అయితే లేవడమే. గెలిచింది ఇంకో జేబులోకి పోతుంది, మళ్ళీ ఆటలోకి రాదు. పట్టిక చూసుకుని తొమ్మిది, ఆరు ఉన్న యంత్రమే ఎంచుకుంటారు. ఏ ముక్క ఉంచాలో ఏది వదలాలో రాసిన అట్ట ఒకటి పక్కనే ఉంది. పందెం పెంచరు. ఓడుతున్నప్పుడు వేగమూ పెంచరు. అది మూడో కవరు, ముందు రెండూ ఖాళీ అయ్యాయి. “బాధగా లేదా?” అని అడిగాను. “నిన్న మా ఆవిడ వంద డాలర్లు పెట్టి పాటకచేరీకి వెళ్ళొచ్చింది. ఓడిపోయావా అని ఆమెనెవరూ అడగలేదు” అన్నారాయన.

ఈ మాటకి జవాబు చెప్పడం తేలిక కాదు. ఆయన తన వంద డాలర్లని సరైన పద్దులోనే రాసుకున్నారు. అది పెట్టుబడి కాదు, వినోదం ఖర్చు. తన నియమాలు తనని గెలిపిస్తాయన్న భ్రమ ఆయనకి లేదు. ఆ భ్రమ అమ్మే పుస్తకాలు అమెరికాలో చాలా ఉన్నాయి. ఇంత పోతే లేవాలి, ఇంత వస్తే లేవాలి, సొమ్ముని ఇన్ని భాగాలు చెయ్యాలి అని. అవన్నీ డబ్బు ఎంత త్వరగా పోతుందన్నది మార్చగలవు గాని బేరాన్ని మార్చలేవు. 1956లో జాన్ కెల్లీ అనే శాస్త్రవేత్త, చేతిలో ఉన్న సొమ్ములో ఎంత భాగం పందెం కాస్తే మంచిదో తేల్చే సూత్రం ఒకటి కనిపెట్టాడు. బేరం మనకి ప్రతికూలమైతే ఆ సూత్రం ఇచ్చే జవాబు సున్నా.

మరి ఆయన నిగ్రహం సుగుణమేనా? కొంతవరకు అవునంటాను. కాని కచేరీకీ ఈ యంత్రానికీ ఒక తేడా ఉంది. కచేరీ విన్నవాడు బయటికొచ్చేసరికి అతని జేబులో లెక్క అతనికి గుర్తుంటుంది. లాస్ వేగాస్‌లో యంత్రాల జూదం మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన నటాషా డౌ షుల్ 2012లో ఒక పుస్తకం రాశారు. ఈ వ్యసనంలో కూరుకుపోయినవాళ్ళు చివరికి గెలవడానికి ఆడటం లేదని, కాలమూ డబ్బూ ఇల్లూ వాకిలీ ఏమీ గుర్తురాని ఒక స్థితిలో ఉండిపోవడానికే ఆడుతున్నారని అందులో వివరించారు. అంటే ఈ ఆట డబ్బుని తినడమే కాకుండా లెక్క చూసేవాణ్ణే తినేస్తుంది. హద్దు గీసిన బుద్ధి ఏదో ఆ బుద్ధినే చెరుపుతుంది. కాబట్టి యంత్రం ముందు కూర్చున్నాక చేసుకునే సంకల్పానికి విలువ లేదు. ఆ పెద్దమనిషి నిగ్రహం కూడా అక్కడ పుట్టింది కాదు. కవర్లు ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని నింపుకుని వచ్చారట.

ఇక్కడ నాకు భారతం గుర్తుకొస్తుంది. జూదంలో ఓడిన రాజులు అందులో ఇద్దరున్నారు, ధర్మరాజు, నలుడు. ఇద్దరి కథా మనకి నన్నయగారే చెప్పారు. ధర్మరాజు ధనం ఒడ్డాడు, రాజ్యం ఒడ్డాడు, తమ్ముల్ని ఒడ్డాడు, తన్ను ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. అంతా తిరిగి దక్కాక రెండోసారి పిలిస్తే మళ్ళీ వెళ్ళాడు. నలుడూ నెలల తరబడి ఓడాడు. మంత్రులు, పౌరులు వచ్చి చెప్పినా వినలేదు. కాని ఇక దమయంతిని ఒడ్డమని పుష్కరుడు అన్నప్పుడు ఆడకుండా కట్టుబట్టతో లేచిపోయాడు. సర్వం పోగొట్టుకున్నవాడిలో కూడా ఒక గీత మిగిలింది. ఆ గీత డబ్బుకి సంబంధించింది కాదు. ఇది నాది కాదు, ఒడ్డడానికి నాకు హక్కు లేదు అన్న గీత.

అంతకన్న నేను మెచ్చుకునేది దమయంతిని. భర్త ఓటమి ఆగేలా లేదని గ్రహించగానే ఆమె సారథి వార్ష్ణేయుణ్ణి పిలిచి, బిడ్డలిద్దర్నీ రథమెక్కించి కుండినపురంలోని పుట్టింటికి పంపేసింది. ఓడుతున్నవాడికి హితం చెప్పడం ఒక పని, ఓడకూడనివాటిని అతనికి అందకుండా చెయ్యడం ఇంకో పని. మొదటి పని అందరూ చేశారు. రెండోది ఆమె ఒక్కతే చేసింది.

నలుడు చివరికి పోయినచోటే వెతుక్కుని గెలిచాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని ఈలోగా ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు. కలి అతన్ని విడిచిపోయాడు. తిరిగి వచ్చినవాడు పాత జూదరి కాడు, ఆట లోతు తెలిసినవాడు. వీడియో పోకర్‌కి అక్షహృదయం ఆ పెద్దమనిషి పక్కనున్న అట్టముక్కే. అది కంఠతా వచ్చినా 99.54 నూరు కాదు. రెండంకె ముక్కలు జోకర్లుగా చెల్లే ఒక రకంలో 100.76 శాతం ఇచ్చే పట్టిక ఉండేది. అలాంటివి ఇప్పుడు బహు అరుదు. అసలు నలుడి రెండో ఆటలో నాకు మింగుడుపడనిది వేరే ఉంది. వ్యాసభారతంలో అతను ఈసారి దమయంతిని కూడా పందెంలో పెడతాడు. గెలిచాడు గనక కథ సుఖాంతమైంది. ఓడి ఉంటే? తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అన్న అర్థంలో ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న అక్కడా వేయవలసిందే. నా దృష్టిలో అది భార్య మొర మాత్రమే కాదు. యాజమాన్య హక్కు గురించిన ప్రశ్న. తన మీద తనకే హక్కు లేనివాడు ఇంకొకరిని తాకట్టు పెట్టగలడా?

ఆ ప్రశ్న మా కౌంటరు దగ్గరికి కూడా వస్తూ ఉంటుంది. మా హోసూరులో 2003లో తమిళనాడు లాటరీలని నిషేధించేదాకా కూలి డబ్బు అందుకుని నేరుగా టిక్కెట్ల కొట్టుకి నడిచినవాళ్ళని చూశాను. తర్వాత ఆ కొట్టు చేతిలోని ఫోనులోకి వచ్చింది. 2022లో ఫ్యాక్టరీలో పనిచేసి విరమించిన ఒకాయన తన డిపాజిట్టు గడువుకి ముందే రద్దు చెయ్యమని వచ్చాడు. ఫోనులో రమ్మీ ఆడి చాలా పోగొట్టుకున్నాడు. ఆయన దాచుకోలేదు కూడా. “పోయిన తావునే ఎతుక్కోవాల గదా సార్” అన్నాడు. ఆయన డబ్బు ఆయనిష్టం, కాదనే హక్కు నాకు లేదు. కాని డిపాజిట్టు ఇద్దరి పేర్ల మీద ఉంది. గడువు తీరకుండా రద్దు చెయ్యాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. మర్నాడు భార్యని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఫారం చేతిలో పట్టుకుని ఒకే మాట అడిగింది. “ఇది తీసేస్తే ఇంకేమి మిగులుతుంది సార్?” ఉన్నది చెప్పాను. పొదుపు ఖాతాలో నాలుగు వేల చిల్లర. ఆమె కలం బల్ల మీద పెట్టేసి లేచింది. ఎవరినీ ఒక మాట అనలేదు.

చట్టాలు వస్తూనే ఉన్నాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని, మూడుముక్కలాట కేవలం అదృష్టమని 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. అయితే చట్టం ఆట స్వభావాన్ని అడుగుతుంది. అంతకన్న ముందు మనిషి తన్ను తాను అడగవలసినది, ఈ డబ్బు ఎవరిది అని.

ఆ అమెరికా పెద్దమనిషిని నేను తప్పుపట్టలేకపోవడానికి కారణం ఆయన నియమాలు కావు. కవర్ల మీద రెండో సంతకం ఉంది. మా ఖాతాదారు ధైర్యమూ పట్టుదలా ఆయనకేమీ తీసిపోవు, రెండో సంతకమే లేదు. నిగ్రహం అనేది ఒంటరిగా పళ్ళు బిగించి చేసే సాహసం అని మనకి నేర్పారు. ఓటమి వేడిలో ఆ బిగువు ఎంతసేపు నిలుస్తుందో భారతం చదివినవాళ్ళకి చెప్పనక్కరలేదు. బుద్ధి చల్లగా ఉన్నప్పుడే, మన ఓటమి ఎవరికి తగులుతుందో వాళ్ళతో కూర్చుని గీసుకున్న గీతకే కాస్త బలం ఉంటుంది.

ఆ రెండో సంతకం పెట్టవలసినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. భార్య కావచ్చు, తల్లి కావచ్చు, ఇంకా సంతకం పెట్టడం రాని పసిబిడ్డ కావచ్చు. పందేనికైనా, షేర్ల బేరానికైనా, మరో సాహసానికైనా కూర్చునే ముందు వాళ్ళని అడగగలిగితే అడిగి కూర్చోవచ్చు. అడగడానికి నోరు రాకపోతే మాత్రం, ఆ డబ్బు మన ఒక్కరిది కాదన్న సంగతి మనకి అప్పటికే తెలుసన్నమాట.